వారసత్వంగా వచ్చిన పాత వేట రైఫిల్ పేలడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారి రైఫిల్ చేతికొచ్చింది, ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంటోంది గానీ పేలడం లేదు. ఇదే సందేహం రకరకాలుగా వస్తూనే ఉంది కాబట్టి జవాబులన్నీ ఒక చోట పెట్టాను. ఇలాంటి రైఫిళ్లలో విరిగిన భాగాల కంటే లోపల గడ్డకట్టిన గ్రీజు, పాతబడిపోయిన తూటాలే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. అందుకే స్క్రూడ్రైవర్ అందుకునే ముందు పేలని తూటా వెనక భాగాన్ని ఒకసారి నిదానంగా చూడమంటాను. సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కాల్చక ముందు

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న రైఫిల్. లోపల తూటా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

"ఖాళీదేలే" అని ఇంట్లో ఎవరన్నా నమ్మొద్దు. మూతిని సురక్షితమైన వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, మ్యాగజైన్ (తూటాలు నింపే అర) ఖాళీ చేసి, బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) తెరవండి. ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటులోకి, కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడమండి కూడా. గొట్టం కింద ట్యూబ్ మ్యాగజైన్ ఉన్న రైఫిల్ అయితే ఇంకా జాగ్రత్త. స్ప్రింగ్ తుప్పు పట్టి చివరి తూటా లోపలే ఇరుక్కుని ఉండొచ్చు. బోల్ట్ బిగుసుకుపోయి తెరుచుకోకపోతే సుత్తితో కొట్టొద్దు. లోపల తూటా ఉందనే లెక్కలో గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి, చూపించాలి.

ఖాళీ అని రూఢి అయ్యాక, బోల్ట్ తీసేసి గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. పురుగులు మట్టితో కట్టిన గూళ్లు, ఎండిపోయిన గ్రీజు ముద్దలు కనిపించడం మామూలే. గొట్టంలో అడ్డం ఉండగా కాల్చితే గొట్టమే చీలిపోవచ్చు.

లైసెన్స్ ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. ముందు రిపేరు చేయించి తర్వాత మార్పించుకోవచ్చా?

ముందు కాగితాలు, ఆ తర్వాతే రిపేరు. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి గానీ, చాలా చోట్ల పేరు మారని తుపాకీని దగ్గర ఉంచుకోవడమే నేరం. రైఫిల్‌ను షాపుకు తీసుకెళ్లే ముందే సంబంధిత అధికారులను అడిగి తెలుసుకోండి.

రైఫిల్‌తో పాటు ఒక తూటాల డబ్బా ఉంది. దానికి సరిపోయేవి అవేనా?

అవే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు కూడా. పాత వేట రైఫిళ్లలో చాలా వాటికి తర్వాతి కాలంలో ఎవరో ఒకరు గొట్టమో ఛాంబరో మార్చారు. పైన పాత ముద్ర అలాగే ఉంటుంది, లోపలి కొలత వేరే అయిపోతుంది. పేర్లు కూడా మోసం చేస్తాయి. 303 బ్రిటిష్, 303 సావేజ్ రెండింటి పేరులోనూ 303 ఉన్నా ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. జర్మన్ 8×57లో పాత రకానికి బుల్లెట్ (తూటా ముందు నుంచి దూసుకుపోయే లోహపు ముక్క) వ్యాసం 0.318 అంగుళాలు, తర్వాతి రకానికి 0.323. పెద్ద బుల్లెట్‌ను చిన్న గొట్టంలోంచి కాల్చితే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది.

అనుమానం ఏ కాస్త ఉన్నా ఛాంబర్ అచ్చు తీయించండి. 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే సెరోసేఫ్ అనే మిశ్రమ లోహాన్ని ఛాంబర్‌లో పోసి, గట్టిపడ్డాక బయటికి తీసి కొలుస్తారు. ముద్ర ఏం చెప్పినా అచ్చు చెప్పిందే లెక్క.

అసలు ఇంత పాత రైఫిల్‌ను కాల్చొచ్చా?

వయసు ఒక్కటే చూసి చెప్పలేం. 1898 నాటి మౌజర్ డిజైన్‌తో చేసిన రైఫిళ్లు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. మరోవైపు 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లలో తొలి సీరియల్ నంబర్లవి పెళుసు ఉక్కు వల్ల పేరు చెడగొట్టుకున్నాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ తయారీలో 800,000 కంటే తక్కువ నంబరువి, రాక్ ఐలండ్ తయారీలో 285,507 కంటే తక్కువవి గోడకు అలంకారంగా ఉంచుకోవడమే మంచిది. నల్ల తుపాకీమందు కాలం రైఫిళ్లలో ఇప్పటి పొగరాని మందు తూటాలు వేయొద్దు. మిగతా ఏ రైఫిల్‌నైనా గన్‌స్మిత్ ఒకసారి చూసి సరేనన్నాకే తూటా పెట్టండి.

## ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే

క్లిక్ మంది, పేలలేదు. ఆ క్షణంలో ఏం చెయ్యాలి?

ఏమీ చెయ్యకపోవడమే అప్పటికి చెయ్యాల్సిన పని. మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు కదలకుండా ఉండండి. ఒక నిమిషం ఆగితే ఇంకా మంచిది. ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బకు పేలి లోపలి మందును అంటించే చిన్న మూత) నెమ్మదిగా అంటుకుని కాస్త ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. ఆలస్యం మామూలుగా సెకనులో కొంత భాగమే గానీ, బోల్ట్ సగం తెరిచాక పేలితే ఆ ఖోకా (తూటా ఇత్తడి గొట్టం) మీ ముఖం మీదే చీలుతుంది.

నిమిషం అయ్యాక, ముఖం పక్కకు తప్పించి, ఖోకా బయటపడే ఎజెక్షన్ కిటికీకి ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, బోల్ట్ నెమ్మదిగా తెరవండి. తూటాను విసిరెయ్యకుండా విడిగా పెట్టండి, దాన్ని పరీక్షగా చూడాల్సిన పని ఉంది. కళ్లద్దాలు, చెవి రక్షణ లేకుండా ఈ పనులేవీ వద్దు.

తుస్సుమని చిన్న శబ్దం వచ్చింది, భుజానికి దెబ్బే తగల్లేదు. ఇంకో తూటా వేసి చూడనా?

వద్దు. అన్నిటికంటే ప్రమాదకరమైన పరిస్థితి ఇదే. ప్రైమర్ పేలింది, మందు మాత్రం సరిగా అంటుకోలేదు. ప్రైమర్ బలం ఒక్కటే బుల్లెట్‌ను ఛాంబర్ దాటించి గొట్టంలో ఇరికించేస్తుంది. బోల్ట్ తెరవగానే ఖాళీ ఖోకా వచ్చి, దాంతో పాటు కాలని మందు పలుకులు రాలితే బుల్లెట్ లోపలే ఉన్నట్టు. రెండో తూటా కాల్చితే అది వెళ్లి మొదటి బుల్లెట్‌ను గుద్దుతుంది. గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

నిమిషం ఆగి, బోల్ట్ తీసేసి, క్లీనింగ్ రాడ్‌ను మూతి వైపు నుంచి మెల్లగా దించి చూడండి. మధ్యలో ఆగిపోతే ఆ రోజు కాల్పులు అయిపోయినట్టే. ఇరుక్కున్న బుల్లెట్‌ను తీసే పని గన్‌స్మిత్‌కు వదిలెయ్యండి.

పేలని తూటానే రెండోసారి కొడితే పేలింది. అంటే రైఫిల్ బాగానే ఉన్నట్టేగా?

అలా అనుకోవడానికి లేదు. రెండో దెబ్బకు పేలిందంటే మొదటి దెబ్బ చాలలేదని అర్థం. ప్రైమర్‌ను కొట్టే సూది, అంటే ఫైరింగ్ పిన్, నీరసంగా కొడుతూ ఉండాలి, లేదా ప్రైమర్ తన గుంటలో పూర్తిగా దిగకుండా ఉండి, మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోయి ఉండాలి. ఫ్యాక్టరీ తూటాలతో కూడా ఇదే జరుగుతుంటే చూపు రైఫిల్ వైపు తిప్పండి. పేలని తూటాను మళ్లీ మళ్లీ కొట్టడం మాత్రం మంచి అలవాటు కాదు.

## తూటా ఏం చెబుతోంది

ప్రైమర్ మీద గుంట పడింది కదా, ఇక తప్పు తూటాదే కదా?

గుంట పడిందా అని కాదు, ఎలా పడిందని చూడాలి. అదే రైఫిల్లో సరిగ్గా పేలిన ఖోకాను పక్కన పెట్టి, పగటి వెలుతురులో భూతద్దంతో రెండింటినీ పోల్చండి. పేలిన దాని మీద పీడనం వల్ల గుంట కాస్త మారుతుంది గానీ, పెద్ద తేడా ఉంటే కంటికి తెలిసిపోతుంది.

గుంట లోతుగా, గుండ్రంగా, నడిమధ్యన ఉంటే పిన్ తన పని తాను చేసినట్టే, అనుమానం తూటా మీదికి వెళ్లాలి. గోరుతో తాకితే అందీ అందనట్టు తగిలే లోతులేని మచ్చ ఉంటే దెబ్బ చాలలేదు: గ్రీజు, స్ప్రింగ్, పిన్ పొడవు, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కు, తూటా ఆగే చోటుకు మధ్య దూరం), వీటిలో ఏదో ఒకటి. గుంట ఒక పక్కకు జరిగి ఉంటే పిన్ వంగిందో, బోల్ట్ వదులైందో చూడాలి. అసలు మచ్చే లేకపోతే పిన్ తూటా దాకా రాలేదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. కొత్త ఫ్యాక్టరీ తూటాలు, వీలైతే రెండు వేర్వేరు తయారీలవి, కాల్చి చూడండి. అన్నీ పేలితే పాత డబ్బాయే దోషి. రెండు రకాల్లోనూ మొరాయిస్తే రైఫిల్‌దే తప్పు. ఈ పరీక్ష చెయ్యకుండా స్ప్రింగులు కొనడం డబ్బు దండగ.

తాతగారి తూటాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. వాడుకోవచ్చా?

చల్లగా, పొడిగా ఉంచిన తూటాలు దశాబ్దాల తరబడి చెక్కుచెదరవు. కానీ వాటిని అటక మీద వేడిలో పెట్టారో, తేమలో పెట్టారో మీకు తెలియదు. ఖోకా మీద పచ్చటి కిలుం, మెడ దగ్గర సన్నటి పగుళ్లు, వదులైన బుల్లెట్, ప్రైమర్ చుట్టూ మరకలు కనిపిస్తే వాటిని పక్కన పెట్టేయండి. పైకి మెరుస్తున్నా లోపలి మందు పాడై ఉండొచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత సైనిక తూటాల్లో పొటాషియం క్లోరేట్ ఉన్న ప్రైమర్లు వాడేవారు. అవి కాలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాగి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. అమెరికా సైన్యం 30-06 తూటాల్లో 1950ల తొలినాళ్ల దాకా వాడింది, కొన్ని దేశాలు ఇంకా ఎక్కువ కాలం వాడాయి. నూనెలో ఉప్పు కరగదు. అలాంటివి కాల్చితే అదే రోజు వేడి నీళ్లతో గొట్టం, బోల్ట్ ముఖం కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయాలి. నన్నడిగితే అలాంటి డబ్బాను జ్ఞాపకంగా దాచుకుని, కాల్చడానికి కొత్తవి కొనుక్కోమంటాను.

తుప్పు పట్టకుండా తూటాలకు నూనె రాశాను. పర్లేదా?

తుడిచెయ్యండి. సన్నటి సందుల్లోకి చొచ్చుకుపోయే రకం నూనెలు ప్రైమర్ చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి దిగి ప్రైమర్‌ను చంపేయొచ్చు. నూనె పూసిన ఖోకా ఛాంబర్ గోడను పట్టుకోదు కాబట్టి పేలినప్పుడు బోల్ట్ మీద భారం కూడా పెరుగుతుంది. తూటాలకు కావాల్సింది పొడి డబ్బా, అంతే.

రీలోడ్ చేసిన (వాడిన ఖోకాల్లో మళ్లీ మందు నింపిన) తూటాలే పేలడం లేదు, ఫ్యాక్టరీవి పేలుతున్నాయి.

ప్రైమర్ పూర్తిగా కూర్చోలేదన్నమాట. ఖోకాను చదునైన బల్ల మీద నిలబెడితే ఊగకూడదు. ప్రైమర్ ఖోకా అడుగు కంటే ఒక్క పిసరు లోపలికే ఉండాలి. అది సరిగ్గానే ఉంటే, ఖోకాను కొలతకు నొక్కే అచ్చు, అంటే సైజింగ్ డై, దాని భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) మరీ వెనక్కి నెట్టేస్తోందేమో చూడండి.

## బోల్ట్, స్ప్రింగ్, పిన్

బోల్ట్ పైకి తళతళలాడుతోంది. లోపల కూడా శుభ్రం చెయ్యాలా?

మొట్టమొదట చెయ్యాల్సిన పని అదే. దాచిపెట్టేటప్పుడు దట్టంగా పూసిన గ్రీజు ఏళ్లు గడిచేసరికి బోల్ట్ లోపల లక్కలా గట్టిపడుతుంది. ఫైరింగ్ పిన్ అందులోంచి ఈదుకుంటూ వచ్చి ప్రైమర్‌ను కొట్టాలి. దారిలోనే బలమంతా అయిపోతుంది.

మౌజర్ 98 తరహా బోల్ట్ అయితే పని తేలిక. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, సేఫ్టీ మీటను నిటారుగా మధ్యలో నిలిపి, బోల్ట్ బయటికి తీయండి. వెనక భాగం పక్కనున్న చిన్న బొత్తాన్ని నొక్కి పట్టుకుని దాన్ని ఎడమవైపు తిప్పుతూ పోతే పిన్, స్ప్రింగ్ మొత్తం ఒకే ముక్కగా ఊడి వస్తాయి. సేఫ్టీ మధ్యలో లేకుండా తిప్పితే మళ్లీ బిగించడానికి తిప్పలు పడాలి. వేరే రకం బోల్ట్ అయితే దాని మాన్యువల్ చూడకుండా విప్పొద్దు, స్ప్రింగ్ బలంగా ఎగిరి కంటికి తగలొచ్చు.

ఊడి వచ్చిన స్ప్రింగ్ చుట్ల మధ్య తేనెరంగు పొర కనిపిస్తే దొంగ దొరికినట్టే. కిరోసిన్‌లోనో మినరల్ స్పిరిట్‌లోనో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బోల్ట్ గొట్టం లోపల గుడ్డ చుట్టిన పుల్లతో, గుడ్డకు మరక అంటనంతవరకూ తుడవండి. ముందు కొసన పిన్ బయటికి వచ్చే సన్నటి రంధ్రాన్ని చాలామంది మర్చిపోతారు, అక్కడ ఇత్తడి పొడి, మసి పేరుకుని ఉంటాయి. పూర్తిగా ఆరాక స్ప్రింగ్‌కు పలచటి నూనె కంటికి కనపడనంతగా రాస్తే చాలు. మళ్లీ గ్రీజు కుక్కితే మొదటికొస్తుంది. నిప్పు దగ్గర్లో, గాలి ఆడని గదిలో ఈ పని వద్దు.

ఎండాకాలంలో పేలుతుంది, చలిలో మొరాయిస్తుంది. ఎందుకు?

చలికి నూనె చిక్కబడి పిన్ వేగాన్ని తగ్గిస్తుంది. బోల్ట్ లోపలి నూనె పూర్తిగా తీసేసి పొడిగా ఉంచండి, లేదా గ్రాఫైట్ లాంటి పొడి లూబ్రికెంట్ వాడండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు లోపల పట్టే చెమ్మ మళ్లీ బయటికి వెళ్లగానే గడ్డకడుతుంది. అదీ ఒక కారణమే.

స్ప్రింగ్ బలహీనపడిందని ఎలా తెలుస్తుంది?

విప్పి తీసిన స్ప్రింగ్‌ను అదే మోడల్ కొత్త స్ప్రింగ్ పక్కన పెట్టండి. చెప్పుకోదగ్గంత పొట్టిగా ఉంటే మార్చాలి. కొసలు కూడా చూడండి. బోల్ట్ తేలిగ్గా తెరుచుకోవాలని ఎవరో పాత యజమాని ఒకటి రెండు చుట్లు కత్తిరించిన స్ప్రింగులు తరచుగా కనిపిస్తాయి. అసలైన కొస చదునుగా అరగదీసి ఉంటుంది, కత్తిరించింది మొండిగా ఉంటుంది. కొత్తది ఆ రైఫిల్‌కు చెప్పిన బలంతోనే కొనండి.

ఫైరింగ్ పిన్ కొస ఎంత బయటికి రావాలి?

సెంటర్‌ఫైర్ (ప్రైమర్ తూటా అడుగు నడిమధ్యన ఉండే) బోల్ట్ రైఫిళ్లలో పిన్ పూర్తిగా ముందుకు వచ్చినప్పుడు బోల్ట్ ముఖం నుంచి సుమారు 0.055 నుంచి 0.065 అంగుళాలు, అంటే దాదాపు 1.4 నుంచి 1.65 మిల్లీమీటర్లు బయటికి ఉండటం మామూలు. మీ మోడల్‌కు తయారీదారు వేరే లెక్క ఇస్తే అదే పాటించాలి. డెప్త్ గేజ్‌తో కొలుస్తారు, స్కేలు పనికిరాదు.

కొస అర్ధగోళంలా నున్నగా ఉండాలి. తుప్పుకు గుంటలు పడిన కొస ప్రైమర్‌ను చిల్లు చేస్తుంది, అప్పుడు వేడి వాయువు వెనక్కి తంతుంది. ఆకురాయి పట్టి సరిచేద్దామనుకోకండి, కొత్త పిన్ వేయించండి.

బోల్ట్ మూశాననే అనుకుంటున్నా. అయినా అప్పుడప్పుడూ పేలదు.

ఈసారి పేలకపోతే, నిమిషం ఆగేటప్పుడు బోల్ట్ హ్యాండిల్ ఎక్కడుందో చూడండి. ట్రిగ్గర్ నొక్కగానే హ్యాండిల్ కాస్త కిందికి కదిలిందా? అయితే అది పూర్తిగా దిగలేదు, పిన్ బలంలో కొంత భాగం బోల్ట్‌ను మూయడానికే ఖర్చయిపోయింది. గుంట లోతు తగ్గడానికి ఇదొక్కటే చాలు.

తర్వాతి కాలంలో బిగించిన టెలిస్కోప్ గానీ దాని మౌంట్ గానీ హ్యాండిల్‌కు తగులుతూ ఉండొచ్చు. తేమకు ఉబ్బిన కర్ర స్టాక్ హ్యాండిల్ గాడిలో అడ్డం పడొచ్చు. ఛాంబర్‌లో మురికి ఉండొచ్చు. కర్ర మీద హ్యాండిల్ రాసుకున్న మెరుపు మచ్చ కనిపిస్తే వెతుకులాట అక్కడితో సరి.

బోల్ట్ మూస్తుంటే ట్రిగ్గర్ ముట్టకుండానే లోపల పిన్ ముందుకు జారిపోతోంది.

వెంటనే వాడటం ఆపేయండి. ట్రిగ్గర్ మరీ తేలిగ్గా ఉండాలని ఎవరో సవరించి ఉంటారు, లేదా పట్టి ఉంచే అంచు అరిగిపోయింది. ఇవాళ పేలడం లేదు, రేపు బోల్ట్ మూయగానే తనంతట తానే పేలొచ్చు. ఇంట్లో చేసే రిపేరు కాదు ఇది.

హెడ్‌స్పేస్ అంటున్నారు. పేలకపోవడానికి, దానికి ఏం సంబంధం?

మూసిన బోల్ట్ ముఖానికి, ఛాంబర్‌లో తూటాను ఆపే చోటుకు మధ్య దూరం అది. 30-06 లాంటి వాటిలో భుజం ఆపుతుంది, 303 బ్రిటిష్‌లో అడుగు అంచు ఆపుతుంది. ఆ దూరం ఎక్కువైతే పిన్ కొట్టినప్పుడు తూటా ముందుకు జారి దెబ్బను మింగేస్తుంది. కొన్నిసార్లు పేలదు, కొన్నిసార్లు పేలుతుంది. పేలినప్పుడే అసలు ప్రమాదం: ఖోకా సాగి, అడుగు దగ్గర తెగిపోవచ్చు. కాల్చిన ఖోకా మీద అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత, బయటికి పొడుచుకొచ్చిన ప్రైమర్ కనిపిస్తే ఇక కాల్చొద్దు.

గో, నో-గో అనే ఉక్కు గేజ్‌లతో కొలుస్తారు. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. 30-06లో ఆ రెండింటి తేడా మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు, కాబట్టి కంటి అంచనాలు కుదరవు. బోల్ట్ మీద నంబరు, రైఫిల్ మీద నంబరు వేరుగా ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి. సైనిక రైఫిళ్లను వేటకు మార్చిన వాటిలో బోల్టులు తారుమారవడం చాలా సాధారణం.

మాది లివర్ రైఫిల్ (పట్టు కింద ఉన్న మీటతో పనిచేసేది). అదెందుకు మొరాయిస్తుంది?

లివర్ పూర్తిగా పైకి రాకపోతే చాలు. 1894 నాటి విన్‌చెస్టర్ డిజైన్‌లో వెనక లాకింగ్ బోల్ట్ పూర్తిగా లేస్తేనే సుత్తి దెబ్బ పిన్‌కు చేరుతుంది. పట్టు దగ్గర లివర్‌ను గట్టిగా అదిమి కాల్చి చూడండి.

.22 రైఫిల్లో అయిదింట్లో ఒకటి పేలడం లేదు.

రిమ్‌ఫైర్ తూటాలో ప్రైమర్ మందు అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. ఒక చోట మందు లేకపోతే అక్కడ కొట్టినా పేలదు. నిమిషం ఆగి తీసి, సగం తిప్పి పెట్టినప్పుడు పేలితే తూటా తయారీ లోపమే. ప్రతిసారీ మచ్చ పల్చగానే ఉంటే బ్రీచ్ ముఖాన్ని (ఛాంబర్ వెనక అంచును) చూడండి. తూటా లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కుతూ వచ్చిన పాత .22లలో పిన్ ఛాంబర్ అంచునే కొట్టి సొట్ట చేస్తుంది, తన కొసా మొద్దుబారుతుంది. పిల్లలు ఆడుకున్న రైఫిల్ అయితే ఇది దాదాపు ఖాయం.

## గన్‌స్మిత్ దగ్గర, ఆ తర్వాత

గన్‌స్మిత్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి, ఏం అడగాలి?

ఖాళీ రైఫిల్, పేలిన ఖోకాలు కొన్ని, పేలని తూటాల వెనక భాగాల దగ్గరి ఫొటోలు, ఏ తయారీ తూటా ఎన్నిట్లో ఎన్ని పేలలేదో రాసిన కాగితం. పేలని తూటాలను తెమ్మంటారో వద్దంటారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. హెడ్‌స్పేస్, పిన్ పొడవు, స్ప్రింగ్, ట్రిగ్గర్ పట్టు, ఈ నాలుగూ చూడమనండి. "మొత్తం కొత్తదానిలా చేసెయ్యండి" అని మాత్రం అనకండి. పాత నీలిరంగు పూత గీకేసి మెరిపిస్తే దాని విలువ పడిపోతుంది. మార్చిన పాత భాగాలను అడిగి తీసుకుని భద్రపరచండి.

బాగయ్యాక ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి చూడొచ్చా?

స్నాప్ క్యాప్ అనే డమ్మీ తూటా పెట్టి నొక్కండి. పాత పిన్‌లు పెళుసుగా ఉంటాయి, ఖాళీ ఛాంబర్ మీద కొడితే కొస విరగొచ్చు.

పేలని తూటాలను ఏం చెయ్యాలి?

చెత్తబుట్టలో వేయొద్దు, పాతిపెట్టొద్దు, బుల్లెట్ పీకి మందు తీద్దామని చూడొద్దు. నూనెలో నానబెడితే నిర్వీర్యం అవుతాయన్న మాట నమ్మొద్దు, కొన్ని అవుతాయి, కొన్ని కావు. విడిగా ఒక డబ్బాలో, మంచి తూటాలతో కలవకుండా, పైన "పేలనివి" అని రాసి పెట్టి, షూటింగ్ రేంజ్‌కో తూటాలు అమ్మే లైసెన్సు షాపుకో పోలీసులకో అప్పగించండి. చాలా రేంజ్‌లలో ఇందుకోసమే ఒక డబ్బా పెట్టి ఉంచుతారు.